ఫైలుకెక్కగల పలుకుబడి: ఇద్దరు ప్రధాన కార్యదర్శులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు,

నిజాయతీని వదులుకోకుండా ప్రభుత్వ కొలువులో పై మెట్టు ఎక్కడం సాధ్యమేనా అన్న ప్రశ్న, పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలు రాసి కొత్తగా విధుల్లో చేరే యువతీయువకులకు ప్రొబేషన్ పూర్తి కాకముందే ఎదురవుతుంది. పోటీ పరీక్షలకు చదివిన పుస్తకాలు రాజ్యాంగాన్నీ పరిపాలనా సిద్ధాంతాలనూ నేర్పుతాయి గానీ, ఏ సెక్షన్‌లో ఏ సీటు ఎవరి మాట మీద వస్తుందో, పైఅధికారి నోటితో చెప్పిన పని రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో, పదోన్నతుల జాబితా తయారయ్యే నెలలోనే ఫిర్యాదు ఉత్తరాలు ఎందుకు వచ్చి పడతాయో నేర్పవు. ఈ విద్యను కొత్త ఉద్యోగి పక్క సీటు నుంచి నేర్చుకుంటాడు. పక్క సీటు ఏది నేర్పితే అదే అతని వృత్తినీతిగా స్థిరపడుతుంది. ఆ సీటు నేర్పే పాఠాన్ని మార్చగల అధికారం రెండు రాష్ట్రాల ఉద్యోగ వ్యవస్థలకూ శిరస్సున ఉన్నవారికే అందరికంటె ఎక్కువగా ఉంది కనుక ఈ లేఖ వారిని ఉద్దేశించినది.

‘ఆఫీసు రాజకీయం’ అన్న మాటను సాధారణంగా నిందగానే వాడతారు. నిదానంగా చూస్తే, నిబంధనలు తేల్చి చెప్పని చోట నిర్ణయాన్ని ఒక వైపు మొగ్గించడానికి ఉద్యోగులు ఉపయోగించే పలుకుబడికి అది పేరు. నిబంధనలు ఎంత వివరంగా రాసుకున్నా, ఏ ఫైలు ముందు కదలాలి, కష్టమైన పని ఎవరికి అప్పగించాలి, సమావేశానికి ఎవరిని పిలవాలి, ఎవరి అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలి అన్నవి మనుషుల విచక్షణకే మిగిలిపోతాయి కనుక, నలుగురు కలిసి పనిచేసే ఏ చోటా ఈ రాజకీయం లేకుండా ఉండదు. తెలుగులో పలుకుబడి అంటే మాట్లాడే తీరు అనీ, మాటకున్న చెల్లుబాటు అనీ రెండర్థాలున్నాయి. మాటలోని పస వల్లనే మాట చెల్లితే అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. మాట్లాడినవాడి కులం వల్లనో, అతని వెనక ఉన్న ప్రజాప్రతినిధి వల్లనో, విన్నవాడి భయం వల్లనో చెల్లినప్పుడే అది చెడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసే గీటురాయి ప్రభుత్వ కార్యాలయంలో అందరి బల్లల మీదా ఉంటుంది, అది ఫైలు. పైఅధికారిని ఒప్పించడానికి చెప్పిన కారణాన్ని నోట్ ఫైలులో రాసి కింద సంతకం పెట్టగలిగితే అది న్యాయమైన పలుకుబడి. రాయడానికి చెయ్యి ఆడకపోతే అది పైరవీ.

కొలువు నీతి తెలుగువారికి కొత్త విషయం కాదు. మహాభారతం విరాటపర్వంలో, అజ్ఞాతవాసానికి బయలుదేరుతున్న పాండవులకు పురోహితుడైన ధౌమ్యుడు రాజును కొలిచే పద్ధతిని బోధిస్తాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడాలి, లోపలి మాట బయటికి పొక్కకుండా ఎలా చూసుకోవాలి అన్న ఆ బోధను తెలుగు చేసిన తిక్కన, నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధి కొలువులో స్వయంగా మంత్రిగా ఉన్నవాడు కనుక ఆ ఘట్టానికి అనుభవపు బరువు కూడా ఉందనుకోవచ్చు. అయితే అది ఒకే ప్రభువు ఉన్న కొలువుకు చెప్పిన నీతి. సేవకుడు తనను కాపాడుకుంటూ ప్రభువు మెప్పు పొందడమే అందులోని లక్ష్యం. నేటి ఉద్యోగికి జీతం ప్రజల పన్నుల నుంచి వస్తుంది, అతని పైఅధికారి సైతం అదే ప్రజలకు జవాబుదారీ. పైవారి మెప్పు ఒక్కటే చాలుననుకునే ఉద్యోగి, ఇవాళ్టికీ విరటుని కొలువులోనే ఉన్నట్టు లెక్క.

మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి సంక్రమించిన టాటెన్‌హామ్ విధానంలో గుమాస్తా తన దగ్గరికి వచ్చే ప్రతి కాగితాన్నీ పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి, ఫైలును రెండు భాగాలుగా నడపాలి. బయటి నుంచి వచ్చిన, బయటికి వెళ్లిన ఉత్తరాలు ఉండేది కరెంట్ ఫైలు. ఆ విషయం మీద కింది నుంచి పై వరకు ఎవరేమన్నారో వరుసగా రాసి ఉండేది నోట్ ఫైలు. ఇరవై ఏళ్ల తర్వాత తెరిచి చూసినవారికి కూడా నిర్ణయం ఎవరిదో, కారణం ఏమిటో తెలియాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. ఇంత పకడ్బందీ ఏర్పాటుకు ఒకే ఒక్క పెద్ద కన్నం ఉంది. నోటు అంచున అధికారి ‘మాట్లాడండి’ అని రాసి, పొట్టి సంతకం పెట్టి, ఫైలును వెనక్కి పంపడమే ఆ కన్నం. ఆ ఒక్క మాట తర్వాత జరిగే సంభాషణ ఏ రిజిస్టరులోనూ ఉండదు. చాలా సందర్భాల్లో అది నిజంగా సందేహ నివృత్తి కోసమే కావచ్చు. మిగిలిన సందర్భాల్లో ఆఫీసు రాజకీయం పుట్టేదీ పెరిగేదీ ఆ సంభాషణ జరిగే అధికారి గదిలోనే.

కారుణ్య నియామకానికి సంబంధించిన ఒక ఫైలును ఊహించి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. సర్వీసులో ఉండగా భర్త చనిపోయిన ఒక మహిళ దరఖాస్తు జాబితాలో ముందున్నదనీ, అర్హతలన్నీ సరిపోయాయనీ జూనియర్ అసిస్టెంటు నోటు పెడుతుంది. ఫైలు ‘మాట్లాడండి’తో తిరిగి వస్తుంది. గదిలోకి వెళితే, జాబితాలో వెనకున్న మరొక దరఖాస్తును ముందు పెట్టి నోటు మార్చుకు రమ్మని రెండు నిమిషాల్లో ఆదేశం అందుతుంది. కాగితపు ఫైళ్ల రోజుల్లో పాత నోటు పేజీ తీసేసి కొత్తది చేర్చడం అసాధ్యమేమీ కాదు. ఈ-ఆఫీసులో పసుపు రంగు నోటు చిత్తుప్రతి, పైకి పంపాక మిగిలే ఆకుపచ్చ నోటు శాశ్వతం కనుక, మార్పు కోరేవారు నోటు పైకి రాకముందే ఫోన్ చేసి చెప్పడం నేర్చుకుంటారు. ఇక్కడ ఆ ఉద్యోగిని ముందు మూడు దారులుంటాయి. చెప్పినట్టు రాసి మంచిపిల్ల అనిపించుకోవచ్చు. గొంతు పెంచి కాదనవచ్చు, అలా అంటే నెల తిరగకుండా ప్రాధాన్యం లేని సీటుకు మారవచ్చు. మూడో దారి నేర్పుతో కూడినది: తన మొదటి నోటును కదపకుండా దాని కిందనే, పైఅధికారితో చర్చించడమైనదని, జాబితాలో వెనకున్న దరఖాస్తును ముందుగా పరిశీలించవలసిందిగా సూచించారని, అలా చేయడానికి వర్తించే నిబంధన ఫలానా అని, లేదా అటువంటి నిబంధన ఫైలులో కనబడలేదని, తగిన ఉత్తర్వుల నిమిత్తం సమర్పిస్తున్నట్టు నాలుగు పంక్తుల్లో రాయడం. అందులో నింద లేదు, ధిక్కారం లేదు. ఆదేశించినవారికి నిజమైన కారణం ఉంటే రాసుకోవడానికి చోటు దొరుకుతుంది; లేకపోతే మొదటి నోటు మీదనే సంతకం పెట్టి పరువుగా వెనక్కి తగ్గడానికి దారి దొరుకుతుంది. ఎదుటివారి పరువు కాపాడుతూనే తన మాట నిలబెట్టుకునే ఈ నేర్పును రాజకీయం అంటే అనవచ్చు గానీ, ఇది కొత్తవారందరికీ శిక్షణలో నేర్పవలసిన రాజకీయం.

చట్టం కూడా ఈ మూడో దారి పక్షమే. కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోనూ, అఖిల భారత సర్వీసులకు వర్తించే 1968 నాటి నియమావళిలోనూ ఉన్న మూడో నియమం ప్రకారం, పైఅధికారి ఆదేశాలు మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలి, తప్పనిసరై నోటిమాటగా ఇస్తే వెంటనే రాతలో ధ్రువీకరించాలి. టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ మొదలైన 83 మంది విశ్రాంత ఉన్నతాధికారులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పు దీన్నే మరింత గట్టిగా చెప్పి, మౌఖిక ఆదేశాల మీద మాత్రమే ఉద్యోగులు పనిచేయరాదని స్పష్టం చేసింది. కానీ రాతలో ధ్రువీకరణ అడగవలసిన బాధ్యతను నియమం కిందివారి మీద పెట్టింది, అడిగినందుకు చెల్లించవలసిన మూల్యం గురించి మాత్రం మాట్లాడలేదు. బదిలీ, సీటు మార్పు, నివేదికలో ఒక మెట్టు తక్కువ గ్రేడు, ఇవేవీ అడిగినందుకు వేసిన శిక్షలుగా కాగితం మీద కనిపించవు. అడిగే భారం జూనియర్ అసిస్టెంటు మీదినుంచి తీసి, ‘మాట్లాడండి’ అని రాసిన చేతిమీదనే పెట్టవలసిన అవసరం ఇక్కడే ఉంది.

నిజాయతీపరులైన ఉద్యోగుల్లో ఎక్కువగా కనిపించే ఒక వైఖరి గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. తన పని తాను చేసుకుపోతూ, ఎవరి జోలికీ పోకుండా ఉండటమే నిజాయతీ అని వారు నమ్ముతారు. ఆ నమ్మకం గౌరవించదగినదే అయినా సరైనది కాదు. సమావేశంలో తెలిసిన విషయం చెప్పకుండా ఊరుకున్నవారి మౌనం, తెలియకుండా మాట్లాడినవారి మాటకు బలమవుతుంది. కష్టమైన సీటును కోరి తీసుకోనివారు, దాన్ని కోరి తీసుకునేవారికి వదిలేస్తారు. అలా కోరేవారు దానిని ఎందుకు కోరుతారో ప్రతి కార్యాలయంలోనూ అందరికీ తెలుసు. రాజకీయాలకు దూరంగా ఉన్నామన్న తృప్తి ఆ ఉద్యోగికి మిగులుతుంది గానీ, ఫలితం అనుభవించేది కిటికీ అవతల నిలబడ్డ పింఛనుదారు. పదోన్నతి కోరుకోవడం, అర్హత ఉన్నప్పుడు అడగడం, తాను చేసిన పని ఇదీ అని సందర్భం వచ్చినప్పుడు చెప్పుకోవడం సిగ్గుపడవలసిన విషయాలు కావు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు సకాలంలో పాసవడం, సీనియారిటీ జాబితా ముసాయిదా వచ్చినప్పుడు తన పేరు తానే చూసుకొని గడువులోగా అభ్యంతరం దాఖలు చేయడం, పక్క సెక్షన్ వారికి పాత జీవో వెతికి పెట్టి సాయపడటం, తన నోటులో సహోద్యోగి కృషిని పేరుతో ప్రస్తావించడం ఇవన్నీ పలుకుబడిని న్యాయంగా కూడబెట్టుకునే మార్గాలే.

సంస్థాగత ప్రవర్తనను అధ్యయనం చేసిన అమెరికన్ పరిశోధకుడు జెరాల్డ్ ఫెరిస్, అతని సహచరులు 2005లో ఆఫీసు రాజకీయంలోని నేర్పును కొలవడానికి ఒక ప్రశ్నావళిని రూపొందించి, అందులో నాలుగు అంశాలను గుర్తించారు: ఎదుటివారి మనసు కనిపెట్టడం, మాటతో ఒప్పించగలగడం, పరిచయాలు పెంచుకోవడం, నిజాయతీపరులుగా కనిపించడం. నాలుగో అంశంలో ‘కనిపించడం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పరిశోధకుల కొలమానం చూసేవారి నమ్మకాన్ని కొలుస్తుంది, నమ్మినది నిజమా కాదా అన్నది దాని పరిధిలోనిది కాదు. ప్రజా కార్యాలయంలో ఈ తేడాను వదిలేయడానికి వీల్లేదు. అక్కడ కనిపించేదానికీ ఉన్నదానికీ మధ్య ఎంత దూరముందో పట్టించగలిగేది మళ్లీ ఆ నోట్ ఫైలే.

పదోన్నతికి అన్నింటికంటె దగ్గరి కాగితం వార్షిక పనితీరు నివేదిక, అంటే పైఅధికారి ఏడాదికోసారి కింది ఉద్యోగి పని గురించి రాసి గ్రేడు ఇచ్చే పత్రం. చాలాకాలం దీన్ని రహస్య నివేదిక అనే పిలిచారు, రహస్యంగానే ఉంచారు. ప్రతికూల వ్యాఖ్య ఉంటే తప్ప ఉద్యోగికి తెలిపేవారు కాదు. ఆ రహస్యం ఎలా పనిచేసేదో సరిహద్దు రహదారుల ఇంజినీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా ఉన్న దేవ్‌దత్ కేసు చూపుతుంది. 1993-94 సంవత్సరానికి ఆయనకు ‘మంచిది’ అన్న గ్రేడు వచ్చింది. వినడానికి మెచ్చుకోలుగా ఉన్న ఆ మాటే ఆయనను ముంచింది, ఎందుకంటే సూపరింటెండింగ్ ఇంజినీరు పదవికి కావలసిన కనీస గ్రేడు ‘చాలా మంచిది’. ప్రతికూల వ్యాఖ్య కాదు గదా అని దాన్ని ఆయనకు తెలపలేదు, తెలియనిదాని మీద ఆయన మొర పెట్టుకోలేదు, ఆయన జూనియర్లు మాత్రం పదోన్నతి పొందారు. 2008 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి ఆయన పదవీ విరమణ కూడా అయిపోయింది. గ్రేడు మంచిదైనా చెడ్డదైనా ప్రతి నమోదునూ ఉద్యోగికి తెలపాలని ఆ తీర్పు చెప్పగా, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే సరైనదని ఖాయపరిచింది. ఈ మధ్యలోనే 2009 మే నెలలో కేంద్ర ప్రభుత్వం, నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపి మొర పెట్టుకోవడానికి 15 రోజుల గడువు ఇవ్వాలని ఉత్తర్వులిచ్చింది. తీర్పు మాట అలా ఉండగా, తన నివేదిక ప్రతి అడిగే ఉద్యోగిని అనుమానంగా చూసే అధికారులు నేటికీ ఉంటారు. మండల కార్యాలయం దాకా ప్రతి ఉద్యోగికీ ఏటా అడగకుండానే ఆ ప్రతి అందే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉండాలి, అందిందో లేదో శాఖల వారీగా ప్రభుత్వమే ప్రకటించాలి. పైఅధికారి గది చుట్టూ ఏడాది పొడవునా తిరిగే అలవాటుకు మూలం, ఆయన ఏం రాస్తాడో తెలియకపోవడమే.

పదోన్నతుల కాలంలో ఆకాశరామన్న ఉత్తరాలకు రెక్కలొస్తాయి. రాసినవారి పేరూ ఊరూ లేకుండా వచ్చే ఫిర్యాదును తెలుగులో ఇంత ముద్దుపేరుతో పిలిచినా, అది ఒక మనిషి ఇరవై ఏళ్ల సర్వీసును వారం రోజుల్లో మసకబార్చగలదు. ఫిర్యాదు అబద్ధమని చివరికి తేలవచ్చు. కానీ ‘విచారణ పెండింగులో ఉంది’ అన్న ఒక్క మాట మీద పేరు పక్కకు పెడితే, తేలేలోపు ఆ పదోన్నతుల ప్యానెల్ చెల్లే సంవత్సరం దాటిపోతుంది. పదోన్నతి కమిటీ సిఫారసును కవరులో పెట్టి సీలు వేసి, కేసు తేలాక తెరిచే పద్ధతిని సీల్డ్ కవర్ విధానం అంటారు. జానకీరామన్ కేసులో 1991లో సుప్రీంకోర్టు, ఉద్యోగికి అభియోగపత్రం జారీ అయిన తర్వాతనే ఆ విధానాన్ని వాడాలనీ, ప్రాథమిక విచారణ నడుస్తున్నదన్న కారణం చాలదనీ తేల్చింది. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే ఆదేశించి, మధ్యలో కొంత సడలించినా, తర్వాత మళ్లీ ఆ మాటకే వచ్చింది. నిజమైన అవినీతిని బయటపెట్టాలనుకునే ఉద్యోగికి పేరు చెప్పడంలో ప్రమాదం ఉందన్నది కాదనలేని సంగతి; ఆ ప్రమాదానికి విరుగుడు ఫిర్యాదుదారు పేరును గోప్యంగా ఉంచే బాధ్యతగల యంత్రాంగం గానీ, ఎవరు రాశారో తెలియని కాగితం కాదు. పోటీలో ఉన్న సహోద్యోగి మీద సంతకం లేని ఉత్తరం రాసినవారు, ఆ ఉత్తరంలో ప్రతి అక్షరం నిజమైనా సరే, తమ మాటకు జవాబు చెప్పుకునే అవకాశాన్ని ఎదుటివారికి లేకుండా చేస్తారు. అందులోని అన్యాయం అక్కడుంది.

సిఫారసు లేఖల సంగతి క్లుప్తంగా చాలు. ఉద్యోగ విషయాల్లో బయటి పలుకుబడితో పైవారి మీద ఒత్తిడి తేరాదని ప్రవర్తనా నియమావళి నిషేధించింది; అయినా ప్రజాప్రతినిధి లెటర్‌హెడ్ మీద వచ్చే బదిలీ సిఫారసులు ఎవరికీ ఆశ్చర్యం కలిగించవు. ఆ లేఖలను దాచకుండా సంబంధిత ఫైలులోనే పెట్టి నంబరు వేసే పద్ధతి పెడితే, లేఖ ఇచ్చేవారూ తెచ్చేవారూ ఒక క్షణం ఆలోచిస్తారు.

అంతగా మాట్లాడుకోని మరో విషయం సమాచారం. ఏ పోస్టు ఖాళీ కాబోతోంది, ఎవరు డిప్యుటేషన్ మీద వెళ్తున్నారు, ప్యానెల్‌లో ఎన్ని పేర్లు ఉంటాయి అన్నది చాలా కార్యాలయాల్లో నోటీసు బోర్డు మీద కాక సాయంత్రం ఆరు తర్వాత టీ బండి దగ్గర తెలుస్తుంది. అదే గంటకు ఇంటికి చేరి వంట మొదలుపెట్టవలసిన ఉద్యోగినికీ, ఏ కులసంఘపు వాట్సాప్ గ్రూపులోనూ లేని ఉద్యోగికీ ఆ టీ బండి దూరమే. వారు వెనకబడటానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు, సమాచారం ఆ దారిన నడిస్తే చాలు. ఒక ఊరివారు, ఒక బ్యాచ్‌వారు, ఒకే హాస్టల్‌లో చదివినవారు ఒకరికొకరు చేదోడుగా ఉండటం సహజం, మంచిది కూడా. ఆ చేదోడు ఖాళీల జాబితాను ముందుగా చెవిన వేసే స్థాయికి చేరినప్పుడు, జాబితానే అందరికీ ఒకే రోజున ప్రకటించడం తప్ప వేరే మందు లేదు.

నిజాయతీని వదులుకోకుండా పైకి వెళ్లినవారు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ క్యాడరులో వెట్టిచాకిరీ నిర్మూలన కోసం పాటుపడి, రాజకీయ నాయకత్వపు అసంతృప్తిని ఎదుర్కొన్న ఎస్.ఆర్. శంకరన్, త్రిపుర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగానూ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగానూ పనిచేశారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. శిక్షణ తరగతుల్లో ఆయన పేరు చెప్పడం మంచిదే. అయితే అటువంటి మనిషి ఒకరున్నారు కదా అని చూపి, మిగిలిన లక్షల మందిని అంతటి త్యాగానికి సిద్ధపడమనడం న్యాయం కాదు. మామూలు ధైర్యం, మామూలు కుటుంబ బాధ్యతలు ఉన్న ఉద్యోగి కూడా తల వంచకుండా పదోన్నతి పొందగలగాలి.

అందుకు కొత్త చట్టం అవసరం లేదు. రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసుల నిబంధనల ప్రకారం పదోన్నతుల ప్యానెల్ సంవత్సరానికి సెప్టెంబరు 1 ప్రమాణ తేదీ. ఆ తేదీకి ముందే ప్రతి శాఖ తన సీనియారిటీ జాబితానూ ఖాళీల అంచనానూ ప్రకటించిందో లేదో ప్రధాన కార్యదర్శి కార్యాలయం చూడగలదు. ‘మాట్లాడండి’ అని రాసిన అధికారి, మాట్లాడిన తర్వాత ఏ సూచన ఇచ్చారో తానే ఒక వాక్యంలో అదే ఫైలులో రాయాలని ఒక పేజీ సర్క్యులర్ జారీ చేయగలదు. అది అమలైన శాఖల్లో, తలుపు బయట ఫైలు పట్టుకొని నిలబడ్డ జూనియర్ అసిస్టెంటుకు, లోపల విన్న మాటను తాను రాయాలా వద్దా అని ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఆలోచించవలసిన పని ఉండదు. ఆ వాక్యం రాయవలసిన పెన్ను బల్లకు అటువైపున ఉంటుంది.